నేషనల్ పార్కుకు చేయూత: దత్తతా, కాంట్రాక్టా, మిత్రబృందమా?

ఫిబ్రవరి రాగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. మొన్న చేసింది నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే తమ్ముడు. "అన్నా, సీఎస్సార్ పైసలు మిగిలినయ్. మార్చిలోపు ఏదన్న పార్కుకు ఇద్దామంటున్నడు మా సారు. కేబీఆర్‌ను దత్తత తీసుకోవచ్చా?"

నేను అటవీ శాఖ మనిషిని కాను. మా కంపెనీ సీఎస్సార్ (లాభంలో కొంత సామాజిక పనులకు పెట్టే ఏర్పాటు) కమిటీలో కొన్నేళ్లుగా ఒక కుర్చీ నాది. అంతకంటే పాత అలవాటు పొద్దున్నే జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ నేషనల్ పార్కులో నడక. ఈ రెండూ కలిసి నన్ను తెలిసినవాళ్లలో పార్కుల సలహాదారుణ్ణి చేసి కూర్చోబెట్టాయి. తమ్ముడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతా సగం కలిపి ఇక్కడ రాస్తున్నాను. వచ్చే ఫిబ్రవరికి లింకు పంపితే సరిపోతుందన్న స్వార్థం కూడా ఉందనుకోండి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. పార్కు గేటు, పార్కు హద్దు, లోపలి జంతువు, ఈ మూడూ అటవీ శాఖ చేతిలోనే ఉండాలి. వీటి జోలికి రాని పని ఏదైనా ప్రైవేటువాళ్లు చేయొచ్చు, డబ్బు పెట్టొచ్చు, కావాలంటే రెండు రూపాయలు సంపాదించుకోవచ్చు కూడా. ఇక వాటిలో ఏ పద్ధతి మంచిదో తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: మూడో ఎండాకాలంలో దీని ఖర్చు ఎవరు పెడతారు?

దత్తత అన్న మాటతోనే తికమక

హైదరాబాద్‌కు మూడు నేషనల్ పార్కులున్నాయి. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, అంటే మన కేబీఆర్, నాలుగు వందల ఎకరాలకు కాస్త తక్కువ. వనస్థలిపురం దగ్గర విజయవాడ రోడ్డు పక్కన మహావీర్ హరిణ వనస్థలి, 3,758 ఎకరాలు. మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకలే దాని ప్రాణం. మూడోది చిలుకూరు దగ్గర మృగవని, 1,211 ఎకరాలు. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసి వచ్చేవాళ్లలో చాలామందికి పక్కనే నేషనల్ పార్కు ఉందని కూడా తెలియదు.

దత్తత అనగానే అందరికీ గుర్తొచ్చేది సినిమావాళ్ల వార్తలు. 2020లో ప్రభాస్ ఖాజీపల్లిలో 1,650 ఎకరాల అడవిని దత్తత తీసుకున్నారు. 2022లో నాగార్జున చెంగిచర్లలో 1,080 ఎకరాలు తీసుకున్నారు. హెటిరో కంపెనీ మంబాపూర్, నల్లవల్లి వైపు అడవికి డబ్బిచ్చింది. ఇవన్నీ రిజర్వ్ ఫారెస్టు బ్లాకులు. ఒక పక్కన అర్బన్ ఫారెస్ట్ పార్కు తయారు చేయడానికి, కంచె వేయడానికి, మొక్కలు పెంచడానికి దాతలు డబ్బిచ్చారు. అడవి వాళ్ల పేరు మీదికి రాలేదు, పెత్తనమూ రాలేదు. పేపర్లో దత్తత అని వస్తే చదివినవాళ్లు మాత్రం పట్టా మారినట్టే అనుకుంటారు.

నేషనల్ పార్కులో కట్టుబాట్లు ఇంకా గట్టివి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం పార్కు హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి. లోపల జంతువుల ఆవాసాన్ని పాడు చేయడానికి, నీటి పారుదల మళ్లించడానికి వీల్లేదు. పార్కు బాగు కోసమే అయినా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పదు. పశువులను మేపడం కుదరదు. లోపల వాణిజ్య వసతిగృహాలు, హోటళ్లు కట్టాలంటే మళ్లీ జాతీయ బోర్డు ముందస్తు ఆమోదం కావాలి. అందుకే "పార్కును మాకు ఇచ్చేయండి, మేం చూసుకుంటాం" అనే మాట మన చట్టం ముందు నిలవదు. చూసుకోగలిగింది పార్కులో కొన్ని పనులను మాత్రమే. ఏ పనులన్నదే మిగతా సంగతి.

డబ్బిచ్చే దారి

కంపెనీలకు తేలిగ్గా దొరికే దారి ఇది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో పర్యావరణం, చెట్టూ చేమా, జంతువుల రక్షణ ఉన్నాయి. కాబట్టి నేషనల్ పార్కుకు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. పెద్ద ఎత్తున జరిగిన ఉదాహరణ కావాలంటే 2022లో మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకు చీతాలను తెచ్చినప్పుడు ఇండియన్ ఆయిల్ కంపెనీ నాలుగేళ్లలో 50 కోట్లకు పైగా ఇవ్వడానికి జాతీయ పులుల సంరక్షణ సంస్థతో ఒప్పందం చేసుకుంది. డబ్బు కంపెనీది, జంతువు మీద నిర్ణయం ప్రభుత్వానిది.

ఇందులో ఎక్కడ దెబ్బతింటామో చెప్పడానికి మా సొంత కథే ఉంది. కొన్నేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్, ఒక కంపెనీ కలిసి నగర శివార్లలోని ఒక పార్కులో మూడు వందల మొక్కలు నాటాం. జూలై నెల, సన్నటి జల్లు, అందరికీ తెల్ల టోపీలు, టీ షర్టులు. ఉప్మా కూడా బాగుంది. మా అమ్మాయి తను నాటిన మొక్కకు ఐస్‌క్రీం పుల్ల మీద పేరు రాసి గుచ్చింది. రెండో ఏడు మే నెలలో దాన్ని చూద్దామని పట్టుబడితే తీసుకెళ్లాను. మొక్కలున్న చోట ఎండుపుల్లలు మిగిలాయి. కొన్ని గుంతల్లో అవీ లేవు. కంపెనీ పేరు రాసిన ఇనుప బోర్డు మాత్రం నిక్షేపంగా ఉంది, దాని మీద ఒక నెమలి కూర్చుని ఉంది. అక్కడి వాచర్‌ను అడిగితే తప్పు మాదే అన్నట్టు కాకుండా, మామూలుగానే అన్నాడు: "మొక్కలైతే ఇచ్చిన్రు సార్. నీళ్లెవరు పోస్తరు?"

ఆ తర్వాత తెలిసింది ఇంకో సంగతి. నాటిన వాటిలో సగం పూలచెట్లు, గుల్‌మొహర్ లాంటివి. రోడ్డు పక్కన అందం, అడవిలో దండగ. హరిణ వనస్థలి లాంటి చోటయితే మొక్కలు నాటడమే ఆలోచించుకోవాల్సిన పని. కృష్ణజింక విశాలమైన పచ్చికబయలు జంతువు. దూరం నుంచే ప్రమాదాన్ని చూసి పరుగెత్తి బతుకుతుంది. దానికి గడ్డి కావాలి, చూపు ఆనేంత ఖాళీ కావాలి. మనం పుణ్యానికి పోయి ఆ ఖాళీని చెట్లతో నింపితే దానికి ఇల్లు ఇరుకు చేసినట్టే. "ఎన్ని మొక్కలు నాటాం" అన్న లెక్క చూపించే ప్రతిపాదన ఏదొచ్చినా నేను పక్కన పెట్టేస్తున్నాను ఇప్పుడు.

మరి డబ్బు దేనికివ్వాలి? పార్కుల్లో కొత్తది కట్టడానికి దాతలు దొరుకుతారు, ఉన్నదాన్ని నడపడానికి దొరకరు. సాసర్ పిట్‌నే తీసుకోండి. నేలలోకి దించి కట్టిన పెద్ద సిమెంటు పళ్లెం అది. అంచు నేలకు సమంగా, లోపలికి ఏటవాలుగా ఉంటుంది. పిల్ల దుప్పి గానీ, ఉడుత గానీ జారినా పైకి రాగలగాలని ఆ వాలు. ఏప్రిల్, మే నెలల్లో కుంటలు ఎండిపోతే జంతువులకు అదే దిక్కు. దాన్ని కట్టించి ప్రారంభోత్సవం చేయడానికి చాలామంది ముందుకొస్తారు. ట్యాంకర్ వచ్చి నింపాలి, నాచు పడితే గీకాలి, పగుళ్లొస్తే పూత వేయాలి అంటే అందరూ గడియారం చూసుకుంటారు. పొదలా అల్లుకుపోయే లాంటానా సంగతీ అంతే. ఒకసారి కొట్టేసి ఫొటో దిగితే అయిపోదు, వేళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది. రెండు మూడేళ్లు వరుసగా వెంటపడాలి. వయ్యారిభామ కలుపు అయితే వాన పడితే చాలు, మళ్లీ హాజరు. వేసవికి ముందు, మంటలు పాకకుండా గడ్డి చెక్కి ఖాళీ చేసే ఫైర్ లైన్లు ఏటా చేయాల్సిన పని. అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న వాచర్లకు బూట్లు, టార్చిలైట్లు, రెయిన్‌కోట్లు ఎవరికీ తట్టవు. తట్టినా వాటిని ప్రారంభించడానికి రిబ్బన్ కట్టలేం కదా.

నా కొలత ఇది: కట్టడానికి ఒక రూపాయి ఇస్తే నడపడానికి రెండు రూపాయలు అదే ఒప్పందంలో రాయాలి. అలా రాయలేమంటే కట్టడం మానేసి మొత్తం నడపడానికే ఇవ్వాలి.

దీనికి చట్టం అడ్డు రాదు సరికదా, దారి చూపిస్తుంది. కంపెనీ డైరెక్టర్ల బోర్డు దాన్ని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలుపెట్టిన ఏడు కాక ఇంకో మూడేళ్ల దాకా సాగించవచ్చు. మార్చి 31కి మిగిలిన డబ్బును ఏప్రిల్ 30లోపు బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో వేసి, తర్వాత మూడేళ్లలో ఖర్చు పెట్టుకోవచ్చు. కాబట్టి మార్చిలో హడావుడిగా బెంచీలు కొనేయాలన్న టెన్షన్ ఎవరూ పడక్కర్లేదు. ఈ ఒక్క నిబంధన తెలియక పార్కుల్లో ఎన్ని బెంచీలు పుట్టుకొచ్చాయో!

ఇంకో రెండు సంగతులు. కంపెనీ డబ్బుతో కొన్న వ్యాను, కట్టిన వాచ్‌టవర్ కంపెనీ ఆస్తిగా ఉండకూడదు, అటవీ శాఖ లాంటి ప్రభుత్వ సంస్థ పేరు మీదికి వెళ్లవచ్చు. స్వచ్ఛంద సంస్థ ద్వారా చేయిస్తే ఆ సంస్థకు సీఎస్సార్-1 (సీఎస్సార్ డబ్బు తీసుకోవడానికి ప్రభుత్వం దగ్గర చేసుకునే) నమోదు ఉందో లేదో చూడాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. తమ ఉత్పత్తుల ప్రచారానికి చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్సార్ లెక్కలోకి రాదు. అంచేత పార్కులో పెట్టే బోర్డు మీద పక్షి బొమ్మ కంటే లోగో పెద్దగా ఉంటే అది చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు, ఆడిటర్ ప్రశ్న కూడా అవుతుంది.

సేవల కాంట్రాక్టు

ఇది వ్యాపారం, దానధర్మం కాదు. సఫారీ వ్యాన్లు, బ్యాటరీ బండ్లు, టాయిలెట్లు, క్యాంటీన్, పార్కింగ్ లాంటివి ప్రైవేటువాళ్లు నడిపి, శాఖకు ఏటా ఇంత అని కడతారు. ప్రపంచంలో పేరున్న పార్కులు చాలా ఏదో ఒక రూపంలో ఇదే చేస్తున్నాయి. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు 2000 తర్వాత కొన్ని చోట్లు ఇరవయ్యేళ్ల గడువుకు ప్రైవేటు లాడ్జీలకు ఇచ్చింది. గడువు తీరాక కట్టడాలు పార్కు సంస్థకే చెందుతాయి. జంతువుల వ్యవహారం మాత్రం పార్కు సంస్థ వదులుకోలేదు. మన పక్కనే కర్ణాటకలో జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ 1980లో నేపాల్‌కు చెందిన టైగర్ టాప్స్ అనే లాడ్జి సంస్థతో కలిసి ఉమ్మడి సంస్థగా కబిని ఒడ్డున మొదలైంది. 1987లో ప్రభుత్వమే మొత్తం వాటా తీసుకుంది. ఆతిథ్యం ఎలా నడపాలో ప్రైవేటువాళ్ల దగ్గర నేర్చుకుని, పగ్గాలు తన చేతికి తెచ్చుకున్న పద్ధతి అది. నాకు నచ్చిన నమూనా.

ఈ దారిలో ఒప్పందం రాసేవాళ్లు తప్పక చదవాల్సిన కథ అమెరికాలో యోసెమిటీది. అక్కడ హోటళ్లు, దుకాణాలు నడిపే కాంట్రాక్టు 2015లో డెలావేర్ నార్త్ అనే కంపెనీ చేయి దాటి ఆరామార్క్‌కు వెళ్లింది. పాత కంపెనీ వెళ్తూ వెళ్తూ, అహ్వానీ హోటల్ వంటి పేర్ల ట్రేడ్‌మార్కులు మావి, వాటికి డబ్బు కట్టండి అంది. దాదాపు తొంభై ఏళ్ల పాత హోటల్ పేరు 2016లో రాత్రికి రాత్రి మార్చాల్సి వచ్చింది. చివరికి 2019లో 1.2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరాక పాత పేర్లు తిరిగొచ్చాయి. హరిణ వనస్థలి సఫారీకి రేపు ఎవరైనా ముచ్చటైన పేరు పెట్టి, యాప్ చేసి, లోగో గీయించారనుకోండి. గడువు తీరాక ఆ పేరు ఎవరిది? యాప్‌లో ఉన్న సందర్శకుల వివరాలు ఎవరివి? మన టెండర్లలో డిపాజిట్ గురించి, జరిమానా గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. పేరు ఎవరిదన్న ఒక్క వాక్యం కూడా చేర్చమనండి.

హైదరాబాద్ పార్కులకు ఈ పద్ధతి పూర్తిగా నప్పుతుందా అంటే నాకు అనుమానమే. కారణం లెక్కలోనే ఉంది. కేబీఆర్‌కు వచ్చేది ఎక్కువగా పాస్ తీసుకుని నడిచేవాళ్లు. చెప్పులు, సీసా నీళ్లు, ఇంటికెళ్లి టిఫిన్, అంతే. మిగతా రెండింట్లో జనం వచ్చేది శని ఆదివారాలు, సెలవులు. టికెట్ మీద కాంట్రాక్టరుకు గిట్టదు. గిట్టకపోతే ఏం చేస్తాడు? మొదటి ఏడు ఐస్‌క్రీం బండి అడుగుతాడు, రెండో ఏడు ఫుడ్ కోర్టు, మూడో ఏడు జిప్ లైను, సాయంత్రం పూట లైట్ షో. అతన్ని తప్పుపట్టడానికి లేదు, డబ్బు పెట్టినవాడు రాబట్టుకోవాలనే చూస్తాడు. చిన్న పార్కులో లాభం వచ్చేది అడవికి సంబంధం లేని పనుల్లోనే అన్నది అసలు చిక్కు. వందల చదరపు కిలోమీటర్ల పార్కులో ఒక మూల లాడ్జి పెడితే అడవికి అంతగా తెలియదు. కేబీఆర్‌లో ఏ మూల స్పీకర్ పెట్టినా పార్కంతా వినిపిస్తుంది.

కాబట్టి టాయిలెట్ల నిర్వహణ, వ్యాన్ల నిర్వహణ, పార్కింగ్ లాంటివి విడివిడిగా, రెండు మూడేళ్ల చిన్న గడువులకు ఇస్తే మంచిది. క్యాంటీన్ గేటు బయటే. రోజుకు ఎన్ని ట్రిప్పులన్నది, టికెట్ ధర ఎంతన్నది శాఖే తేల్చాలి. సఫారీ వ్యాను నడిపే సంస్థ చేతికి ట్రిప్పుల సంఖ్య కూడా ఇస్తే గేటు ఇచ్చినట్టే.

మిత్రబృందాలు

పార్కును ఇష్టపడే ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి శాఖకు తోడుగా నిలబడటం ఈ దారి. నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే, మన దగ్గర తక్కువగా వాడుకుంటున్నదీ ఇదే. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు నేషనల్ పార్కు కాదు, నగరం మధ్యలోని 843 ఎకరాల పార్కు. 1970ల్లో చెత్తతో, దొంగతనాలతో పాడుబడి ఉండేది. 1980లో ఊరివాళ్లు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు, సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ అని. పద్దెనిమిదేళ్లు పక్కన నిలబడి పనిచేశాకే, 1998లో నగరం వాళ్లతో నిర్వహణ ఒప్పందం రాసుకుంది. నేలా, విధానాలూ నగరానివే. పార్కు ఖర్చులో ఎక్కువ భాగం ఆ సంస్థ చందాలతో తెస్తుంది. ఊరి మధ్యలో ఉండి, చుట్టూ స్తోమత ఉన్న జనం ఉండే కేబీఆర్‌ను పోల్చుకోవాలంటే ఆఫ్రికా పార్కులకంటే ఇదే దగ్గర చుట్టం. ఒక తేడా మాత్రం మరవకూడదు. అక్కడ పచ్చిక మనుషులు కూర్చోవడానికి, ఇక్కడ నెమలి కోసం. మన మిత్రబృందం సౌకర్యాలు పెంచే సంఘంగా మారితే పార్కుకు శత్రువవుతుంది. నడిచేదారికి టైల్స్ వేయండి, దారి పొడవునా లైట్లు పెట్టండి, కుక్కల్ని లోపలికి రానివ్వండి అని అడిగేది కూడా పార్కును ప్రేమించే నడకవాళ్లే మరి. నేనూ ఒకప్పుడు లైట్ల కోసం సంతకం పెట్టినవాణ్ణే.

నైపుణ్యంతో పనిచేసే బృందాలు మన ఊళ్లో లేకపోలేదు. ఇంట్లో పాము కనబడితే ఫోన్ చేసే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అటవీ శాఖతో కలిసే పనిచేస్తుంది. పక్షుల లెక్కలకు డెక్కన్ బర్డర్స్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ ఉన్నాయి. హైటికాస్ అని పిలిచే హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ పులుల అడవుల్లో శాఖకు తోడుగా ఉంది. వీటి దగ్గర ఉన్నది డబ్బు కంటే అరుదైనది, ఏళ్ల తరబడి ఒకే చోటును చూసిన కళ్లు. కంపెనీ డబ్బు, ఇలాంటి బృందం చూపు, శాఖ అధికారం, ఈ మూడూ ఒకే కాగితం మీదికి వస్తే మూడో ఎండాకాలం భయం చాలావరకు తగ్గుతుంది. సిబ్బంది బదిలీ అవుతారు, సీఎస్సార్ మేనేజర్ ఉద్యోగం మారతాడు. పక్షులు చూసేవాళ్లు మాత్రం పదేళ్ల తర్వాత కూడా అదే కుంట గట్టు మీద, అదే బైనాక్యులర్స్‌తో కనబడతారు.

ఒక లోటు ఉంది. పులుల రిజర్వులకు చట్టంలోనే 38ఎక్స్ సెక్షన్ కింద ఫౌండేషన్ ఏర్పాటు ఉంది, చందాలు తీసుకుని అక్కడే ఖర్చు పెట్టడానికి. మామూలు నేషనల్ పార్కుకు ఆ సెక్షన్ వర్తించదు. అందుకని కేబీఆర్ లాంటి చోట మీరిచ్చిన డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, ఆ పార్కుకే ఎలా తిరిగొస్తుంది అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోవాలి. అడిగితే రేంజర్లు నొచ్చుకోరు. నిజానికి వాళ్లకూ అదే కావాలి.

మొత్తం అప్పగిస్తే?

కమిటీ మీటింగుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఆఫ్రికాలో పార్కులే మొత్తం ప్రైవేటుకిచ్చి బాగుచేశారు కదా!" నిజమే. 2000లో పుట్టిన ఆఫ్రికన్ పార్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ప్రభుత్వాలతో దీర్ఘకాల ఒప్పందాలు చేసుకుని పార్కులను పూర్తిగా నడుపుతుంది. నేల ప్రభుత్వానిదే, నిర్వహణ, సిబ్బంది, గస్తీ ఆ సంస్థవి. 2003లో మలావీలో మజేటెతో మొదలైంది. రువాండాలో అకగేరాను 2010లో తీసుకుంటే 2015లో సింహాలు, 2017లో ఖడ్గమృగాలు తిరిగొచ్చాయి. చాద్‌లో జకౌమాలో 2002లో నాలుగు వేలకు పైగా ఉన్న ఏనుగులు 2010 నాటికి దాదాపు 450కి పడిపోయాయి. ఆ సంస్థ అడుగుపెట్టాక దంతాల కోసం సాగిన వేట దాదాపు ఆగింది.

అయితే అవి ప్రభుత్వం చేయి అందని చోట్లు. యుద్ధాలు, తుపాకులతో వచ్చే వేటగాళ్లు, జీతాలివ్వలేని ఖజానా. అకగేరా 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, దాంట్లో మన కేబీఆర్‌లు ఏడు వందలకు పైగా పడతాయి. మన దగ్గర శాఖ ఉంది, చట్టం ఉంది, హైకోర్టు ఉంది, చెట్టు కొడితే వీడియో తీసే జనం ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల కొట్టివేతను సుప్రీంకోర్టు ఆపిన సంగతి మనం చూసిందే. కొరత ఉన్నది రోజువారీ పనికి డబ్బులో, మనుషుల్లో. తలుపు కిర్రుమంటే నూనె వేస్తాం గానీ ఇల్లు అద్దెకివ్వం కదా.

ఇంకో వైపు కూడా చూడాలి. కాంగో రిపబ్లిక్‌లో ఒడ్జాలా పార్కులో తన గార్డులు స్థానిక బాకా ప్రజలపై మానవ హక్కుల ఉల్లంఘనలకు పాల్పడ్డారని వచ్చిన ఆరోపణల మీద విచారణ జరిగాక, కొన్ని ఘటనలు జరిగాయని 2025లో ఆఫ్రికన్ పార్క్సే ఒప్పుకుంది. ప్రభుత్వ గార్డు తప్పు చేస్తే ఎమ్మెల్యేను నిలదీయొచ్చు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. ఎక్కడో ఆఫీసున్న సంస్థ గార్డు చేస్తే బాకావాళ్లు ఎవరి గడప తొక్కాలి? గేటు గురించి నా పట్టుదల ఇందుకే.

స్థానికుల కమిటీల గురించి రెండు మాటలే చెప్తాను, ఎందుకంటే నగర పార్కులకు అది పెద్దగా వర్తించదు. కేరళ పెరియార్‌లో ఒకప్పుడు అడవిలో దాల్చినచెక్క పట్ట దొంగిలించినవాళ్లే తర్వాత గైడ్లయ్యారు. వసంతసేన పేరుతో ఊరి ఆడవాళ్లు జీతం లేకుండా గస్తీ తిరిగారు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు పర్యాటకాన్ని నడుపుతున్నాయి. మీ కంపెనీకి అమ్రాబాద్ పులుల అడవి వైపు ఆసక్తి ఉంటే కట్టడాల జోలికి పోకుండా చెంచు యువకుల గైడ్ శిక్షణకు, వాళ్ల పిల్లల హాస్టల్ ఫీజులకు ఇవ్వండి. అక్కడ అడవికి మొదటి కంచె వాళ్లే.

ఎవరికి ఏది

ఏటా సీఎస్సార్ డబ్బు వచ్చే కంపెనీ అయితే మూడేళ్ల ప్రాజెక్టుగా, నడిపే ఖర్చులకే ఇవ్వాలి. ఏ పార్కుకన్నది పేరును బట్టి తేల్చకండి. కేబీఆర్‌కు అడగకుండానే చూపులు పడతాయి, మృగవనికి పడవు. ఒకే ఒక్కసారి ఇవ్వగలిగిన కంపెనీ అయితే పార్కు వదిలేసి, సిబ్బందికి సామగ్రి కొనివ్వడం మేలు. బూట్లకు నిర్వహణ ఖర్చు ఉండదు.

కాలనీ సంఘం, వాకర్స్ సంఘం అయితే డబ్బు మాట ఎత్తకండి. పార్కు గోడ బయట చెత్త పడకుండా చూడటం, వీధికుక్కలు దూరే కంతలు కనిపెట్టి చెప్పడం, లోపల జంతువులకు బిస్కెట్లు పెట్టేవాళ్లను ఆపడం లాంటివి మీరే చేయగలరు. హరిణ వనస్థలి చుట్టూ ఉన్న కాలనీలకు ఈ పని ఎంతైనా ఉంది. ఒక్క కుటుంబంగా ఏదైనా చేయాలనుకుంటే నెహ్రూ జూలో జంతువుల దత్తత పథకం ఉంది. ఏడాది మేత ఖర్చు కట్టొచ్చు. జూ వేరు, నేషనల్ పార్కు వేరు అనుకోండి, కానీ పిల్లలకు దత్తత అనే మాట అర్థమయ్యేది అక్కడే.

వ్యాపారంగా చేద్దామనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. పార్కులోపల కాదు, పార్కు పక్కన చూడండి. గేటు బయట మంచి టిఫిన్ హోటల్ పెడితే నెమలి ఏమీ అనుకోదు.

ఇంతకీ మా తమ్ముడు ఏం చేశాడంటే, ఈ గోలంతా విని, వాళ్ల సారును ఒప్పించి ఒక పార్కు రేంజ్ ఆఫీసుకు వెళ్లొచ్చాడు. వీళ్లు వాచ్‌టవర్ గురించి అడిగితే అక్కడి సెక్షన్ ఆఫీసర్ కాసేపు ఊరుకుని, "టవర్ ఉంది సార్, ట్యాంకర్‌కు డీజిల్ చూడండి" అన్నాడట. మూడు ఎండాకాలాల ట్యాంకర్ నీళ్లకు, సాసర్ పిట్ల మరమ్మతుకు, లాంటానా తీసే కూలీలకు ఒప్పందం ముసాయిదా ఇప్పుడు వాళ్ల లీగల్ టీమ్ దగ్గరుంది. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "అంతా ఓకే అన్నా. మా సారు ఒక్కటే అడుగుతున్నడు, బోర్డు ఎక్కడ పెడ్తరని."

ట్యాంకర్ వెనకాల పెట్టమన్నాను. ఊరంతా తిరుగుతుంది.